అలైన్‌మెంట్‌కు యాడికి పోదాం?

బండి నీడన ఆపి, స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి దిగండి. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి బయటి అంచు నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమరండి. రెండు వైపులా ఒకేలా తగిలిందా? అయితే మీ బండి బాగానే ఉంది, ఈ కబుర్లు కాలక్షేపానికి చదువుకోండి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు గరుగ్గా అరచేతికి గీసుకుందా? అయితే మాత్రం కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. మీ బండికి టో తప్పింది.

టో అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బండిని పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ ఇంచుమించు తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ముక్కులు లోపలికి తిరిగితే టో ఇన్, బయటికి తిరిగితే టో అవుట్. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి ఎడమకు, ఒకటి కుడికి లాగుతుంటే బండి నడుస్తుంది గానీ రెంటి మెడలూ పుండు పడతాయి చూడండి, ఇక్కడ ఆ పుండు టైరుకు పడుతుంది. ఎంత తేడా ఉంటే ఎంత నష్టమో లెక్క కట్టి చూద్దాం. ఒక చక్రం వెళ్ళాల్సిన దిశకు డిగ్రీలో పదో వంతు పక్కకు తిరిగి ఉందనుకోండి. కంటికి ఆనదు. కానీ కిలోమీటరు దూరం పోయేసరికి ఆ టైరు 1.75 మీటర్ల మేర అడ్డంగా రాసుకుంటుంది. మన గోరంట్ల నుంచి బెంగళూరుకు పోయి వస్తే రానూపోనూ 200 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఒక్క ప్రయాణంలో ఆ టైరును 350 మీటర్ల దాకా అడ్డంగా రోడ్డు మీద ఈడ్చినట్టే. మరి టైరు గుండు కాక ఏమవుతుంది?

ఇంతవరకూ పాత సంగతే. మన నాయనల కాలం జీపుకైనా ఇదే లెక్క. ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. ఈ మధ్య మన వీధుల్లోకి వచ్చిన కార్లకు కళ్ళున్నాయి. అద్దం పైన, లోపలి వెనక చూపు అద్దం వెనకాల ఒక కెమెరా. బంపర్ దగ్గర ఒక రాడార్. స్టీరింగ్‌కు కరెంటు మోటారు. మనం చెయ్యి తీస్తే కాసేపు తానే తిప్పుకుంటుంది, మళ్ళీ పట్టుకోమని మొరపెడుతుంది. అడాస్ అంటున్నారు దీన్ని. మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో 2021లో వచ్చింది. కియా సెల్టోస్‌లో 2023 జూలైలో వచ్చింది. ఆ సెల్టోస్ తయారయ్యేది ఎక్కడో కాదు, మన పక్కనున్న పెనుకొండ మండలం ఎర్రమంచిలోనే. కొరియావాళ్ళు 2017లో ఆంధ్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 536 ఎకరాల్లో, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ కట్టి, 2019లో మొదటి సెల్టోస్ బయటికి తోలారు. 2023 జూలైలో పది లక్షల బండి దాటింది.

ఫ్యాక్టరీలో కారు చివరి వరుస దాటేటప్పుడు అలైన్‌మెంట్ కొలిచి సరిచేసి, హెడ్‌లైట్ల చూపు సరిచూసి, కెమెరాకు తిన్నగా అంటే ఏదో చూపించి పంపుతారు. ఏ కంపెనీ అయినా చేసేది ఇదే. ఇంత చేసి పంపిన బండిని గంట లోపు దూరంలో ఉన్న మనం తిరిగి కొలిపించుకోవాలంటే మాత్రం ఏ షాపు అని తల గోక్కుంటున్నాం. వింతేమిటంటే, కారు పుట్టిన ఊరు దగ్గరే గానీ కారును చూసే చెయ్యి దూరం.

స్టీరింగ్ చరిత్ర కాస్త చెప్పుకుందాం, తప్పదు. గుర్రపు బగ్గీ మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం ఎక్కువ తిరగాలి, బయటి చక్రం తక్కువ తిరగాలి. ఆ ఏర్పాటు కనిపెట్టింది మ్యూనిక్‌లో లాంకెన్స్‌పెర్గర్ అనే బగ్గీల పనివాడు. ఇంగ్లండులో 1818లో పేటెంటు తీసుకున్నది మాత్రం ఆకర్‌మన్. పేరు ఆకర్‌మన్‌కే మిగిలింది. పని ఒకరిది, పేరు ఒకరిది కావడం మనకు కొత్తేం కాదు. ఆ తర్వాత చాలాకాలానికి, 1988లో, సుజుకీ వాళ్ళు జపాన్‌లో సెర్వో అనే బుజ్జి కారుకు కరెంటు పవర్ స్టీరింగ్ పెట్టారు. అంతకుముందు నూనె ఒత్తిడితో నడిచేవి. మనకు 1983 డిసెంబర్‌లో మారుతి 800 ఇచ్చిన సుజుకీయే ఇది. ఆ 800కు పవర్ స్టీరింగ్ ఊసే లేదు, సందులో తిప్పాలంటే భుజాలు నొప్పెట్టేవి.

1995లో బెంజ్ కార్లలోకి ఈఎస్‌పీ వచ్చింది. మన భాషలో చెప్పాలంటే బండి జారకుండా కాచే తెలివి. ఆ తెలివికి ఒక సంగతి తెలియాలి: డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడు? అది చెప్పేది స్టీరింగ్ యాంగిల్ సెన్సార్. స్టీరింగ్ చక్రం ఎన్ని డిగ్రీలు తిరిగిందో అది క్షణక్షణం చెబుతుంది. బండి నిజంగా ఎటు తిరుగుతోందో ఇంకో సెన్సార్ చెబుతుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే బండి జారుతోందని లెక్క, వెంటనే ఒక చక్రానికి బ్రేకు పడుతుంది. ఇప్పుడు అడాస్ వచ్చాక ఆ యాంగిల్ సెన్సార్ మాటను కెమెరా కూడా వింటోంది. గీతల మధ్య బండి ఎటు పోతోందో చూసి, స్టీరింగ్ మోటారుకు చిన్న తోపుడు ఇస్తోంది.

ఇక్కడే తిరకాసంతా. స్టీరింగ్ కొద్దిగా ఎడమకు వంగి ఉంటేనే బండి తిన్నగా పోతోందనుకోండి. పాత కారులో అయితే మీకు చిరాకు, అంతే. కొత్త కారులో సెన్సార్ ఏం చెబుతుంది? డ్రైవరు ఎడమకు తిప్పుతున్నాడంటుంది. బండి తిన్నగా పోతోందని ఇంకో సెన్సార్ అంటుంది. కెమెరా గీతలు చూసి బాగానే ఉందంటుంది. ముగ్గురు పెద్దమనుషులు, పొంతన లేని మాటలు. పంచాయితీ డాష్‌బోర్డులో పసుపు దీపమై వెలగొచ్చు.

ఇంతకన్నా గడుసు విషయం ఇంకోటుంది. కొన్ని కంపెనీల కరెంటు స్టీరింగ్, బండి ఒక పక్కకు లాగుతుంటే కనిపెట్టి, ఆ లాగుడు మన చేతికి తెలియకుండా మోటారుతో దానికి ఎదురు తోసిపెడుతుంది. ఫోర్డ్ 2010 ప్రాంతంలో తన కార్లలో ఇది తెచ్చింది. సుఖమే కదా అంటారా? సుఖమే. కానీ వెనకటి రోజుల్లో బండి ఎడమకు లాగుతోందని చేతికి తెలిసి మెకానిక్ దగ్గరికి పోయేవాళ్ళం. ఇప్పుడు నొప్పి తెలియకుండా మందు వేసుకుని తిరుగుతున్నాం, టైరు మాత్రం లోలోపల అరిగిపోతోంది. అన్ని కార్లలోనూ ఇది ఉండదు గానీ, చేతికి లాగుడు తెలియడం లేదు కాబట్టి అలైన్‌మెంట్ బాగుందని కొత్త కారు విషయంలో అనుకోకండి. అందుకే మొదట్లోనే టైరు నిమరమన్నది.

మన రోడ్ల సంగతి మీకు నేను చెప్పేదేముంది. పంట ఇంటికొచ్చే రోజుల్లో రాగులు, ఉలవలు తారు రోడ్డు మీద పరిచి, పోయే బండ్ల చేత తొక్కించి నూరుస్తారు. రైతుకు కళ్ళం ఖర్చు మిగులుతుంది, మనకేమో ఉలవ కట్టె యాక్సిల్‌కు చుట్టుకుంటుంది. ఆ పొట్టు కింద గుంత ఉందో లేదో ఆ దేవుడికే ఎరుక. వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే పడే సీమ మనది. అయినా ఆ కాస్తా ఒక్క రాత్రిలో కురిస్తే చిత్రావతి పొంగి కల్వర్టు అంచు కోసుకుపోతుంది. అక్కడ కారు దబ్బుమని దిగిందా, లోయర్ ఆర్మ్ బుష్‌కో చక్రాన్ని తిప్పే టై రాడ్‌కో తగిలిందే. ఇక ఊరి మొదట్లో, ఊరి చివర, బడి ముందు, గుడి ముందు, ఎవరి ఇంటి ముందు వాళ్ళు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లు! పక్కా కొలతతో కట్టింది ఒకటైనా ఉంటే చూపించండి.

అదే పాలసముద్రం దగ్గర జాతీయ రహదారి 44 ఎక్కండి. 2024 జనవరిలో ప్రధాని ప్రారంభించిన కస్టమ్స్ అకాడమీ ఉండేది అక్కడే. అక్కడ నుంచి బెంగళూరు దాకా తెల్ల గీతలు స్పష్టంగా ఉంటాయి, అడాస్‌లో గీతలు పట్టుకుని నడిపే తెలివి అప్పుడు నిద్ర లేస్తుంది. గోరంట్ల వీధుల్లో గీతలే ఉండవు కాబట్టి అది పడుకునే ఉంటుంది. మనవాళ్ళు చాలామంది కారు కొన్న కొత్తలో హైవేలో ఒకసారి ఆ తెలివి చూసి మురిసిపోయి, తర్వాత అది లొల్లి చేస్తోందని ఆపేస్తున్నారు. ఆపేసినా యాంగిల్ సెన్సార్ ఊరుకోదు, బండి జారితే కాచే ఈఎస్‌పీ దాని మాటే వింటుంది.

సరే, అసలు మాటకొద్దాం. ఇట్లాంటి బండికి అలైన్‌మెంట్ ఎక్కడ చేయించాలి?

మన ఊళ్ళో పంచరు షాపులకు కొదవ లేదు. టైరు విప్పి, తుడిచి, ప్యాచ్ వేసి, గాలి కొట్టి ఇచ్చేవాళ్ళు చేయితిరిగిన పనివాళ్ళు. అలైన్‌మెంట్ అనేసరికి హిందూపురమో, కదిరో, అనంతపురమో, బెంగళూరో అంటాం. చాలామంది హిందూపురమే అంటారు. సంతకు పోయినట్టూ ఉంటుంది, బండి చూపించినట్టూ ఉంటుంది. టైర్ల షాపు ముందు పెద్ద బోర్డు: 3డి అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, నైట్రోజన్. లోపల ఎత్తుపాటి రాంపు, ఎదురుగా ఒక దూలానికి కెమెరాలు. నాలుగు చక్రాలకు నాలుగు పలకలు బిగిస్తారు, ఆ పలకల మీది గుర్తులను కెమెరా చూసి కోణాలు లెక్క కడుతుంది. ఈ యంత్రాలు అమెరికా హంటర్ కంపెనీవి ఉంటాయి, పుదుచ్చేరి మనాటెక్ వాళ్ళవీ ఉంటాయి. ఏ కంపెనీదైనా ఫరవాలేదు. మిషన్ చూసి షాపు ఎంచుకోవద్దు, మిషన్ ముందు నిలబడ్డ మనిషిని చూసి ఎంచుకోండి.

ఎట్లా తెలుస్తుందంటారా? అతడు బండి రాంపు ఎక్కించగానే ఏం చేస్తాడో చూడండి. ముందు నాలుగు టైర్లకు గాలి చూశాడా? డిక్కీలో ఉన్న శెనక్కాయ మూట దించమన్నాడా? కింద దూరి చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపి టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్ వదులున్నాయేమో చూశాడా? ఇవేవీ లేకుండా నేరుగా పలకలు బిగించి, స్పానర్ తీసి తిప్పడం మొదలుపెట్టాడంటే అతడు కొలిచేవాడు కాదు, తిప్పేవాడు. వదులుగా ఉన్న జాయింట్‌కు అలైన్‌మెంట్ చేస్తే గేటు దాటేలోపే తప్పిపోతుంది.

పలకలు బిగించాక బండిని ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకు తోయాలి. పలక బిగింపులో వంకర ఉంటే ఆ లెక్కలో పోతుంది. ముందు చక్రాల కింద తిరుగుడు పళ్ళేలు ఉంటాయి, వాటి పిన్నులు తీసి స్టీరింగ్ కుడికి, ఎడమకు తిప్పి కొలవాలి. చాలాచోట్ల ఈ తిప్పుడు ఎగరగొడతారు, ఆలస్యమని. ఆపైన స్క్రీన్ మీద మీ కారు పేరు ఎంచుకోవాలి. ఇక్కడ కళ్ళు పెట్టి చూడండి. మీది 2023 మోడల్ అయితే పాత మోడల్ ఎంచుకుని పచ్చ రంగు తెప్పించేవాళ్ళున్నారు. కంపెనీ చెప్పిన కొలత ఒకటి, మిషన్ పోల్చుకునేది ఇంకోటి అయితే ఆ పచ్చ రంగుకు విలువేముంది?

మా వీధిలో శెనక్కాయల వ్యాపారం చేసే చిన్నాయన ఒకాయన, కొత్త కారు ఏడాది తిరగకుండానే ముందు టైర్లు లోపలి అంచు అరిగిపోయాయని ఒక పెద్ద ఊరి షాపుకు పోయినాడు. అక్కడ జరిగిన సంభాషణ ఆయన నోటి వెంటే విన్నాను.

“క్యాంబర్ అవుట్ అయింది సార్, బెండ్ చేయల్ల. ఎనిమిది వందలు.”

“బెండ్ అంటే ఏందప్పా?”

“జాకీ పెట్టి వంచుతాం సార్. మామూలే. అందరికీ చేస్తాం.”

“కంపెనీ వాళ్ళు ఎందుకు వంచి ఇయ్యలేదు మరి?”

ఆ ప్రశ్నకు జవాబు రాలేదట. చిన్నాయన చదువుకున్నది తక్కువే గానీ, ఆ ఒక్క ప్రశ్న బంగారం. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిట్టనిలువుగా ఉందా, పైభాగం లోపలికో బయటికో ఒరిగిందా అన్నది. ఇప్పటి చిన్న, మధ్యతరహా కార్లలో ముందు వైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన స్ట్రట్ ఉంటుంది, వాటిల్లో చాలావాటికి క్యాంబర్ సర్దడానికి బోల్టు ఏర్పాటే ఉండదు. ఆ కొలత తప్పిందంటే ఏదో వంగింది, అరిగింది, లేదా విరిగింది. ఏది చెడిందో కనుక్కుని అది మార్చాలి. ఇనుమును హైడ్రాలిక్ జాకీతో వంచి కొలత తెప్పించడం అంటే, చెడింది అలాగే ఉంచి చెడనిదాన్ని కూడా చెరపడమే. స్ట్రట్ వంచనివ్వకండి. 

ఇంకో పాత చిట్కా ఉంది, అది మరీ ప్రమాదం. అలైన్‌మెంట్ అయ్యాక స్టీరింగ్ వంకరగా వచ్చిందనుకోండి. మంచి పనివాడు రెండు పక్కల టై రాడ్‌లను సమంగా సర్ది మధ్యకు తెస్తాడు. తొందరున్నవాడు స్టీరింగ్ చక్రం నడిమి నట్టు విప్పి, ఒక పన్ను మార్చి మళ్ళీ బిగిస్తాడు. పైకి తిన్నగా కనిపిస్తుంది. అంబాసిడర్ రోజుల్లో చెల్లుబాటయ్యింది. ఇప్పుడు ఆ నట్టు మీద ఎయిర్‌బ్యాగ్ ఉంది, కింద యాంగిల్ సెన్సార్ ఉంది. చక్రం తిన్నగా ఉన్నా సెన్సార్ సున్నా ఎక్కడో ఉండిపోతుంది. స్టీరింగ్ ఊడదీస్తానన్నవాడి దగ్గర నుంచి తాళాలు తీసుకుని వచ్చేయండి, మొహమాటం వద్దు.

కాబట్టి అడగాల్సిన మొదటి మాట మిషన్ గురించి కాదు. “అన్నా, అలైన్‌మెంట్ అయినాక స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ స్కానర్ పెట్టి సున్నా చేస్తావా?” అని అడగండి. “యాలన్నా, 3డి మిషన్ ఉంది కదా” అంటే నమస్కారం పెట్టి ముందుకు పోండి. కొన్ని కార్లు కొంచెం దూరం తిన్నగా నడిపితే తమంతట తామే సున్నా నేర్చుకుంటాయి. కొన్నిటికి స్కానర్ తప్పదు. మీ కారు ఏ జాతిదో మీరు తెలుసుకోవాలి, ఓనర్ మాన్యువల్ గ్లోవ్ బాక్సులో కవరు విప్పకుండా అట్టే పెట్టి ఉంటుంది. ఒకసారి విప్పండి. లేదా సర్వీస్ సెంటర్‌కు ఫోను చేసి కనుక్కోండి; అలైన్‌మెంట్ మీ దగ్గరే చేస్తారా, బయటికి పంపుతారా అని కూడా అడగండి. రెండోది అయితే ఎక్కడికి పంపుతారో అక్కడికి మనమే పోవచ్చు కదా.

రెండో మాట: ముందు కొలత, తర్వాత కొలత, రెండూ ఉన్న కాగితం కావాలి. ఎరుపు, పచ్చ అంకెల కాగితం అది. చాలామంది తర్వాతి కొలత మాత్రమే ఇస్తారు. ముందు కొలత లేకపోతే అతడు ఏం సరిచేశాడో, అసలు తప్పుందో లేదో ఎవరికి తెలుసు? వెనక చక్రాల వరుస కూడా అందులో ఉండాలి. సెల్టోస్ లాంటి కార్ల వెనక ఇరుసు సర్దుబాటు లేని రకం. సర్దలేనిదాన్ని కొలవడం ఎందుకంటారేమో. వెనక చక్రాలు ఎటు చూస్తే బండి అటే పోతుంది, ముందు చక్రాలను దానికి అనుగుణంగా సర్దాలి. కెమెరా కూడా బండి తిన్నగా అంటే ఆ వెనక చక్రాల దారినే నమ్ముకుంటుంది. వెనక తప్పు పెద్దదైతే ఇరుసు వంగిందన్నమాట, అది మార్చాల్సిన పనే.

ఒక మాట మధ్యలో చెప్పాలి. బండి ఎడమకు లాగుతోందని పోతే అన్నీ అలైన్‌మెంట్ నెత్తినే వేయకండి. మన రోడ్లు వాన నీళ్ళు పోవడానికి అంచులకు వాలు పెట్టి వేస్తారు, ఎడమ పక్కన నడిచే బండి సహజంగానే కొంచెం ఎడమకు జారుతుంది. టైరు లోపలి నేతలో వంకరున్నా లాగుతుంది. ముందు రెండు టైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. లాగుడు దిశ మారిందంటే తప్పు టైరుదే, రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఈ పని మన గోరంట్ల పంచరు షాపు కుర్రవాడే చేసిపెడతాడు. ఒక జాగ్రత్త: టైరు గోడ మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే ఇట్లా మార్చవద్దు.

ఇక కెమెరా సంగతి. ముందు టో కొద్దిగా సర్దినంత మాత్రాన కెమెరాను కదిలించాల్సిన పని సాధారణంగా రాదు, సెన్సార్ సున్నా చూస్తే చాలు. కానీ ముందు అద్దం మార్చారా, బంపర్‌కు గుద్దుకుందా, స్ప్రింగులు మార్చి బండి ఎత్తు పెంచారా, అప్పుడు కెమెరాకో రాడార్‌కో మళ్ళీ చూపు నేర్పాలి. హైవే మీద లారీ టైరు నుంచి ఎగిరిన రాయి అద్దానికి తగలడం మనం రోజూ చూసేదే. ఇన్సూరెన్స్ కింద అద్దం మారుస్తారు, కెమెరా కాలిబ్రేషన్ అన్న మాట ఎవరూ ఎత్తరు. మీరే ఎత్తండి, బిల్లులో రాయించుకోండి. ఈ పనికి సమతలమైన నేల, వెలుతురు, కొలత ప్రకారం పెట్టిన గుర్తు పలకలు, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. కొన్ని కార్లకు గీతలున్న రోడ్డు మీద నడుపుతూ చేస్తారు. ఏదైనా ఇది కంపెనీ సర్వీస్ సెంటర్ పని, అనంతపురమో బెంగళూరో పోవాల్సిందే. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఒకరోజు పోతుంది. దీన్ని మాత్రం టైర్ల షాపులో చేయించకండి, చేస్తామన్నా.

వెనక చక్రాలు కూడా తిరిగే కార్లు ఉన్నాయి. 1987లో హోండా ప్రెల్యూడ్‌తో జనంలోకి వచ్చిన ముచ్చట అది. ఇప్పటి బెంజ్ ఎస్ క్లాస్‌లో వెనక చక్రాలు 10 డిగ్రీల దాకా తిరుగుతాయి. అట్లాంటి బండికి వెనక మోటారును స్కానర్‌తో మధ్యకు తెచ్చి పెట్టాకే కొలత మొదలవుతుంది. మన మండలంలో అట్లాంటి బండి ఉన్నవాళ్ళు ఈ కబుర్లు చదివే తీరికలో ఉండరు కాబట్టి వదిలేద్దాం. వాళ్ళకు బెంగళూరే గతి.

ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి అని అడుగుతారు. టైర్ల షాపు స్టిక్కర్ 5,000 అంటుంది. నా మటుకు నేను 10,000కు ఒకసారి కొలిపిస్తే చాలంటాను, మధ్యలో గుంతలో గట్టిగా పడితే, కొత్త టైర్లు వేస్తే, సస్పెన్షన్ పని చేయిస్తే వెంటనే. కొలిపించడం అంటున్నాను, గమనించండి. కొలత బాగుంటే వేలు పెట్టవద్దని షాపువాడికి చెప్పండి, డబ్బులు పూర్తిగా ఇస్తానని కూడా చెప్పండి. నూటికి నూరూ ఇచ్చి ఏమీ చేయించుకోకుండా రావడం మనకు మనసొప్పదు, తెలుసు. కానీ బాగున్నదాన్ని కదిలించి చెడగొట్టుకోవడం కన్నా అదే చవక.

బెంగళూరుకే పోదామా అన్నీ వదిలేసి? పోవచ్చు. అక్కడ మిషన్లు కొత్తవి, స్కానర్లు ఉంటాయి. కానీ పెద్ద షాపులో మీ బండి పేరు టోకెన్ నంబరు. గాజు గోడ వెనక కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, రాంపు దగ్గరికి రానివ్వరు. ఎదురుగా నిలబడి చూడలేని చోట నేను అలైన్‌మెంట్ చేయించను. హిందూపురంలోనో కదిరిలోనో ఉండే చిన్న షాపు యజమాని అయితే, రేపు టైరు అరిగితే మీరే వచ్చి గల్లా పట్టుకుంటారని అతడికి తెలుసు. ఆ భయం మంచి సాధనం, ఏ మిషన్‌కూ తీసిపోదు.

ఇక నా తీర్పు చెప్పేస్తాను. రోజువారీ కొలతకు దగ్గరి పట్నంలో స్కానర్ ఉన్న టైర్ల షాపు, ఎదుట నిలబడి. అద్దం, బంపర్, కెమెరా పనికి కంపెనీ సెంటర్. క్యాంబర్ వంపుడుకు ఎక్కడికీ వద్దు. మీకు తెలిసిన షాపు ఏదైనా గాలి చూసి, జాయింట్ ఊపి, రెండు కొలతల కాగితం చేతికిచ్చి, సెన్సార్ సున్నా చేసి పంపితే, ఆ షాపు పేరు మన ఊరి బస్టాండు దగ్గర టీ బంకులో గట్టిగా చెప్పండి. గోరంట్లలో కార్లున్న వాళ్ళంతా ఏదో ఒక పూట అక్కడికి రానే వస్తారు.